పెద్దల యాత్ర: వ్రతమా, బంధమా?

ఈ సంచికకు ధర్మవిషయమై యేదైన వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరినప్పుడు నాకు ముందుగా జ్ఞాపకము వచ్చినది శాస్త్రము కాదు. మా వీధితలుపునకు లోపలివైపున, ఎత్తుగా, ముసలివారి చేతికి అందకుండ మేము వేయించిన యొక గడియ. అది దొంగల కొరకు వేయించినది కాదు. ఇంటిలోని మనిషి బయటికి పోకుండ వేయించినది.

మా మేనత్తగారికి అప్పటికి 78 సంవత్సరములు. భర్త పోయిన తరువాత గుంటూరు నుండి వచ్చి, చిక్కపేటలో మా కొట్టు పైనున్న యింటిలోనే మాతో నుండెను. పక్షవాతము వచ్చి తగ్గినది గాని ఎడమకాలు ఈడ్చి నడుచును. స్నానమునకు, మందులకు, మెట్లు దిగుటకు మరియొకరి చేయి కావలెను. రెండేండ్లుగా ఆమె మమ్ములను అడిగినది ఒక్కటే: "ఒక్కసారి బెళగొళ తీసుకెళ్లరా నాయనా, గోమటస్వామిని చూసి వస్తాను." మేము చెప్పిన జవాబులు మాత్రము అనేకములు. ఎండలు ముదిరినవి; పెండ్లిండ్ల బేరముల కాలము; కొండకు సుమారు 650 మెట్లు, నీ కాలు సంగతి చూచుకో; దారిలో పడినచో ఎవరు బాధ్యులు; వచ్చే సంవత్సరము చూతము. ఇవన్నియు ప్రేమతో చెప్పినవే. వాటిలో అబద్ధమును లేదు.

ఒక మాఘమాసపు ఉదయమున ఆమె గదిలో లేదు. కొట్టు మూసి, నలుగురు కుర్రవాండ్రను నాలుగు దిక్కులకు పంపితిమి. రెండు గంటల తరువాత మెజస్టిక్ బస్సుస్టాండులో ఒక బల్లమీద కూర్చుండి కనబడెను. ఆమె సంచి విప్పి చూచి నేను నిర్ఘాంతపోయితిని. రెండు దినముల మాత్రలు పూటకొక పొట్లముగా కట్టినవి, మార్పు చీర యొకటి, కొంగుముడిలో డబ్బు, నా ఫోను నంబరు పెద్ద అంకెలతో వ్రాసిన చీటీ, మూత తీయని నీళ్లసీసా. సరకు కొనుగోలుకై సూరతు పోవునప్పుడు నేనైనను అంత జాగ్రత్తగా సర్దుకొని యెరుగను. ఆమెకు లేనిదల్లా తోడు. "చెప్పకుండా ఎందుకొచ్చావత్తా?" అని అడిగితిని. "చెబితే రానిస్తారా?" అనెను.

ఆ సాయంకాలమే వడ్రంగిని పిలిపించి గడియ వేయించితిమి.

కొన్నాళ్లు నాకు సుఖముగా నిద్రపట్టినది. తరువాత ఒకనాడు ప్రతిక్రమణములో అహింసాణువ్రతము యొక్క అయిదు అతిచారములు వచ్చినప్పుడు బంధమను మాట దగ్గర నా నాలుక ఆగినది. బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. ఉమాస్వాతి (దిగంబర సోదరులు ఉమాస్వామి యందురు) తత్త్వార్థసూత్రములో వీటిని చెప్పుచు బంధమునే మొదట నిలిపినాడు. ఇవన్నియు ఎద్దులకు, గుఱ్ఱములకు చెప్పినవని మనలో చాలమంది యెంచుదురు. మన పూర్వులు బండ్లమీద సరకు తోలినవారు గనుక అట్లెంచుట సహజమే. పింజరాపోలులకు చందాలు వ్రాయుచున్నాము. లారీలో పశువులను క్రిక్కిరిసి తోలినచో మన మనస్సు విలవిలలాడును. మంచిదే. కాని పశువునకు వర్తించిన మాట అత్తయ్యకు వర్తించదా?

వెంటనే నాలోని వ్యాపారస్థుడు వాదమునకు దిగెను. రక్షణకై వేసిన గడియ బంధమెట్లగును? పసిబిడ్డను నూతిగట్టు దగ్గరకు పోనీయకున్న అదియు బంధమేనా? ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. మన శ్రావకాచార గ్రంథకర్తలును దీనిని కొట్టివేయలేదు. బంధము సార్థకమా, నిరర్థకమా యని వారు విడదీసిరి. అవసరము లేక కట్టుట ఎన్నడును తగదు. అవసరమై కట్టినను, సాపేక్షముగా, అనగా కట్టబడిన ప్రాణి కదలుటకు వీలుండునట్లు, నిప్పు అంటుకొన్నచో వెంటనే విప్పుటకు వీలగు వదులుముడితో కట్టవలెనని చెప్పిరి. ఈ మాట పశువులకే కాదు, మనుష్యులకును చెప్పిరి. నిప్పు సంగతి చదివినప్పుడు నేను లేచి పోయి మా గడియను చూచితిని. మధ్యాహ్నము అందరును కొట్టులోనో మిద్దెమీదనో ఉన్నప్పుడు వంటయింట నిప్పు పుట్టినచో, ఆ గడియ ఆమె చేతికి అందదు. రక్షణ అని నేననుకొన్నదాని ముడి వదులుముడి కాదు. మరునాడు దానిని క్రిందికి దింపించితిని. అది యొక చిన్న పని. పెద్ద ప్రశ్న అట్లే మిగిలినది.

ఆ పెద్ద ప్రశ్నకు దారి నాకు దిగ్వ్రతములో దొరకినది. గృహస్థునకు చెప్పిన గుణవ్రతములలో అది యొకటి. ఫలానా దిక్కున ఇంత దూరమునకు మించి పోను అని శ్రావకుడు తన రాకపోకలకు తానే హద్దు పెట్టుకొనును. దానినే ఒక దినమునకో, ఒక పూటకో కుదించుకొనుట దేశావకాశికము. ఇప్పుడు చూడుడు. దిగ్వ్రతము పట్టిన యొక పెద్దాయన గడప దాటడు. పిల్లలు గడియ వేసిన యొక పెద్దాయనయు గడప దాటడు. బయటినుండి చూచువానికి ఇద్దరును ఒక్కటే. హద్దు ఒక్కటే, గడప ఒక్కటే. కాని మొదటివానికి అది వ్రతము, పుణ్యము. రెండవవానికి అది బంధము, ఆ బంధములోని దోషము వేసినవానిది. భేదమంతయు ఆ గీత ఎవరు గీసిరి అనుదానిలో నున్నది.

శ్రవణబెళగొళలోనే దీనికి గొప్ప నిదర్శనమున్నది. చంద్రగిరిమీద భద్రబాహుస్వామి గుహ చూచినవారికి ఆ కథ తెలియును. ఉత్తరదేశమున కఱవు వచ్చునని యెరిగి సంఘముతో దక్షిణమునకు వచ్చిన ఆ వృద్ధగురువు, తన అంతిమకాలము సమీపించినదని గ్రహించి, సంఘమును ముందునకు పొమ్మని తాను అక్కడనే ఆగెనని సంప్రదాయము చెప్పుచున్నది. శిష్యుడు చంద్రగుప్తుడు సేవకై వెంట నిలిచెను. నడవలేరు గనుక మీరిక ఇచటనే యుండుడని శిష్యులు ఆయనకు చెప్పలేదు. నేనిక్కడ ఆగెదనని ఆయనయే చెప్పెను. నేటికిని వయస్సు మీరిన సాధుసాధ్వులు ఒకచోట స్థిరవాసము చేయుచున్నారు. దానిని మనము నిర్బంధమని యనము.

అయినను పడినచో యేమగును? ఇది అందరి నోటను వచ్చు మాట. దీనికిని తత్త్వార్థసూత్రములోనే సమాధానమున్నది. ప్రమత్తుడై, అనగా అజాగ్రత్తతో, ప్రాణములకు హాని కలిగించుటయే హింస యని అచట నిర్వచించినారు. హింసకు మూలము కదలిక కాదు, ప్రమాదము. ప్రమాదమనగా ఇక్కడ ఏమరుపాటు. నడచుటయే పాపమైనచో మన మునులు విహారమే చేయరాదు గదా! వారికి చెప్పినది నడవవద్దని కాదు, ఈర్యాసమితి. పగటి వెలుతురులో, ముందు నాలుగు మూరల నేల చూచుకొనుచు, తొందర లేక నడువుమని. కనుక మన ఆధీనములో నున్న పెద్దల ప్రయాణమునకును అపాయము ఎదురైనప్పుడు, అపాయమునకు తగిన మందు అప్రమాదము, అనగా ముందుచూపు. నిషేధము కాదు. ముందుచూపునకు శ్రమ కావలెను. నిషేధమునకు ఒక మాట చాలును. మేము రెండేండ్లు ఎందుకు నిషేధించితిమో దీనివలన తెలియుచున్నది.

మన దేశపు చట్టమును చూచినను ఈ లోటు కనబడును. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై చేసిన చట్టము పోషణ యనగా తిండి, బట్ట, నివాసము, వైద్యము అని చెప్పినది. కోర్టు యెదుట మా యింటివారము నిలిచినను ఒక్క లోపమును ఎవరును చూపలేకపోయెడివారు. అంగవైకల్యము గలవారి హక్కులను గూర్చి 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడిక మాత్రము మరియొక అడుగు ముందునకు వేసి, వారు తాము కోరిన విధముగా, కోరిన వేళకు, భరింపదగిన ఖర్చుతో రాకపోకలు సాగించుటకు తోడ్పడవలెనని తన 20వ అధికరణములో చెప్పినది. భారతదేశము 2007లో దానికి సమ్మతించినది. కోరిన వేళకు అనునది చిన్న మాట గాదు. మా యత్త వేళ ఆమె కోరినది కాదు, మా కొట్టు తీరికది.

బెళగొళ కథలోనే మరియొక తల్లి యున్నది. గంగరాజుల మంత్రియు సేనానియు నైన చావుండరాయుని తల్లి కాళలాదేవి. పౌదనపురములో భరతుడు నిలిపిన బాహుబలి విగ్రహమును చూచువరకు పాలు ముట్టనని ఆమె వ్రతము పట్టినదట. ఆ పౌదనపురము మన నిజామాబాదు జిల్లాలోని బోధన్ అని పలువురు పండితుల అభిప్రాయము. అనగా కన్నడ దేశపు తల్లి తెలుగుదేశమునకు యాత్ర కోరినది. కొడుకు ఏమి చేసెను? ముసలితనమున నీకేల యనలేదు. పరివారమును కూర్చుకొని తల్లితో బయలుదేరెను. దారిలో బెళగొళ చేరునప్పటికి, ఆ విగ్రహమును కుక్కుటసర్పములు చుట్టుకొనియున్నవనియు, మానవులకు దర్శనము దుర్లభమనియు తెలిసినది. అప్పుడు కల వచ్చుట, చంద్రగిరినుండి ఎదుటి కొండకు బాణము వేయుట, 981 ప్రాంతమున అక్కడి కొండరాతిలో 57 అడుగుల మూర్తి వెలువడుట, ఇవన్నియు మనము చిన్ననాటినుండి విన్నవే. నేను ఎన్నో సార్లు విని గమనింపనిది ఒకటున్నది. దారి మూసికొన్నదని తెలిసినది తల్లి దారిలో ఉన్నప్పుడు. ఇంటిలో ఉన్నప్పుడు కాదు. ఆమెకు బదులుగా దొరకినది అసలుకంటె గొప్పదైనను, అది ఆమె ప్రయాణము చేసిన తరువాత దొరకినది.

బదులు చూపుట మన మతములో తప్పు కాదు. పాలితాణా పోలేనివారు కార్తిక పూర్ణిమనాడు శత్రుంజయ పటము నెదుట నిలిచి వందనము చేయుదురు, భావయాత్ర యందుము. మా యత్తయు ఎన్నో యేండ్లు అట్లు చేసినది. కాని ఇక పటము చాలునని చెప్పవలసినది ఆమె. నేను చెప్పినచో అది భావయాత్ర కాదు, నా సోమరితనము.

ఇంత ఆలోచించిన తరువాత ఆమె దగ్గర కూర్చుండి, రెండేండ్లలో మొదటిసారిగా, నీకు ఈ ప్రయాణములో దేనివలన భయము అని అడిగితిని. మెట్లు అనునని యెదురుచూచితిని. ఆమె కొంతసేపు నేల చూచి, కోడలివైపు తిరిగి మెల్లగా చెప్పెను. బస్సులో మరుగునకు పోవుట యెట్లు అని. మెజస్టిక్‌లో నీళ్లసీసా మూత తీయకపోవుటకు కారణము అదియే. మాకు ఎవరికిని తోచని సంగతి! మెట్లను గూర్చి ఆమెకు దిగులే లేదు. డోలీ దొరకునని ఆమెకు ఎప్పుడో తెలియును.

ఆ ఒక్క మాటతో ప్రయాణపు రూపమే మారినది. బస్సును, కారును మానితిమి. కుణిగలు మీదుగా హాసన్ పోవు రైలుమార్గము 2017లో తెరవబడినది. బెళగొళకే స్టేషను వచ్చినది. బండిలో మరుగున్నది, లేచి నాలుగడుగులు వేయుటకు చోటున్నది. సూర్యాస్తమయము తరువాత ఆమె నీరును ముట్టదు గనుక, చౌవిహారమునకు భంగము లేకుండ సాయంకాలపు మాత్ర ఏ వేళకు మార్చవచ్చునో వైద్యుని అడిగితిమి. ఆయన మార్చి వ్రాసియిచ్చిరి. కొండమీదికి చెప్పులతో పోరాదు, ఎండకు బండ కాలును. కనుక మార్గశిరము, అదియు ప్రొద్దుటి పూట అని ఆమెయే నిర్ణయించెను. క్రొత్త ఖాతాదారునకు మనము మొదటనే లక్ష రూపాయల అరువీయము గదా. కొద్దిగా ఇచ్చి, రాబడి చూచి పెంచుదుము. అట్లే మొదట వీధిచివరి దేవాలయమునకు, తరువాత చిక్కపేట మెట్రో స్టేషనులో లిఫ్టున దిగి లాల్‌బాగు వరకు పోయి వచ్చితిమి. లాల్‌బాగులో ఆమె ఒకచోట ఆగి, ఇక నడవలేను, కూర్చుంటాననెను. కోడలు కంగారుపడినది. నాకు మాత్రము సంతోషము కలిగినది. ఆగవలసిన చోటు ఆమెకు తెలియుననియు, తెలిసినదానిని చెప్పుననియు తేలినది గదా.

ఇదంతయు విన్న మా వీధిలోని మిత్రుడొకడు, "నీ అత్తకు తెలివి సరిగా ఉంది కాబట్టి సరిపోయింది. మా నాన్నకు సొంత యిల్లే జ్ఞాపకం ఉండదు. ఆయన గీత ఏం గీస్తాడు?" అనెను. దీనికి తేలిక జవాబు లేదు. అట్టివారి యింట గడియ వేయవలసి రావచ్చును. వేసినచో వదులుముడిగా వేయవలెను. దానిని సేవ క్రింద జమకట్టుకొనక, ప్రతిక్రమణములో చెప్పుకొనవలసిన దానిగా ఎంచవలెను. అంతకుమించి యొకటి చెప్పగలను. దిగ్వ్రతపు అతిచారములలో, తాను పెట్టుకొన్న హద్దును తానే మరచుట యొకటిగా చెప్పబడినది. మనిషి మరచునని ఆ పెద్దలకు తెలియును. ఆ పెద్దాయన మరచిన గీతను కొడుకు జ్ఞాపకముంచుకొనవచ్చును గదా? నలువది యేండ్లు ఆయన ప్రొద్దున తొమ్మిదింటికి నగరత్‌పేట కొట్టునకు నడచినాడు. ఆ మిత్రుడు తరువాత ప్రతిదినమును అదే వేళకు, అదే దారిన తండ్రిని చేయిపట్టి తీసికొనిపోయి, గల్లాపెట్టె దగ్గర అరగంట కూర్చుండబెట్టి తెచ్చుచున్నాడు. చొక్కా లోపలివైపున పేరు, ఫోను నంబరు కుట్టించినాడు. సాయంకాలము తలుపు గుంజుట పూర్తిగా మానలేదు గాని తగ్గినదని చెప్పెను. వృద్ధుల సహాయమునకై ప్రభుత్వము పెట్టిన 14567 అను ఫోను నంబరును ఆ యింటి గోడమీద వ్రాసిపెట్టినాడు. అది మనమందరమును వ్రాసిపెట్టుకొనదగినది. జ్ఞాపకశక్తి చెడకముందే మన పెద్దలను కూర్చుండబెట్టి, ఎక్కడికి పోవలెనని యున్నది, ఎవరితో, దేనికి భయము అని అడిగి ఒక పుస్తకములో వ్రాసికొనుట ఆవర్జా వ్రాయుటకంటె కష్టము కాదు.

మేము బయలుదేరిన నాడు యశవంతపురములో బండి మెట్టు ఎత్తుగా నుండుట యొక్కటే చిక్కు. ఇంటినుండి తెచ్చిన పీట పనికివచ్చినది. మరునాటి ప్రొద్దున కొండ మొదట డోలీవారితో నేను బేరమునకు దిగితిని. అది మన రక్తములో నున్నది. అత్త నన్ను వారించి, "నన్ను మోసేవాళ్లతో బేరమాడతావేంరా? అతిభారం పాపం వాళ్లకు కాదు, నాకు అంటుతుంది" అనెను. అయిదు అతిచారములలో నాలుగవది! నేను బంధము దగ్గరనే ఆగిపోయితిని. ఆమె అప్పటికే నాలుగవదానికి వచ్చినది. వారు అడిగినదియే ఇచ్చితిమి. దారిలో మూడుచోట్ల తానే చెప్పి డోలీ దింపించి, మోసినవారు నీళ్లు త్రాగిన పిమ్మటనే మరల ఎత్తుమనెను.

పైన గోమటస్వామి నెదుట ఆమె ఎంతసేపు నిలిచినదో నేను లెక్కచూడలేదు. వచ్చునప్పుడు గుళ్లకాయజ్జి విగ్రహము దగ్గర మరల ఆగినది. చావుండరాయుడు కుండలకొలది పాలు పోసినను స్వామి పాదములవరకు దిగని అభిషేకము, ఒక ముసలిది గుళ్లకాయ డొప్పలో తెచ్చిన కొద్దిపాలతో నిండినదని కథ. "ఈమెను కూడా మొదట లోపలికి రానివ్వలేదట" అని మాత్రము అనెను. నేను మాటాడలేదు.

తిరుగుప్రయాణములో కుణిగలు దాటిన తరువాత, నిద్రపోవుచున్నదనుకొన్న మనిషి కన్నులు తెరచి, "కొలనుపాకకు ఏ స్టేషన్లో దిగాలి?" అని అడిగెను. ఆలేరులో దిగవలెనని చెప్పితిని.

"అక్కడ కొండ లేదుగా?"

"లేదత్తా."

"అయితే మీరు చెప్పడానికి ఇక మెట్లు కూడా లేవు. ఎండలు రాకముందు. రాత్రి బండి వద్దు. రాసుకో."

జేబులోనుండి కొట్టు పుస్తకము తీసి వ్రాసికొంటిని.